మెయిల్స్ వస్తున్నాయి, పోవడం లేదు: సెట్టింగుల జోలికి వెళ్లే ముందు లాగ్‌లో ఆ ఒక్క లైను చదవండి

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. పదిహేను మంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు. నెల అద్దెకు ఒక వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) తీసుకుని, దాని మీద ఉబుంటు వేసి, మెయిల్స్ పంపే, అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చినవి చదువుకోనిచ్చే డవ్‌కాట్ పెట్టుకున్నారు. బయటి మెయిల్స్ చక్కగా వస్తున్నాయి. మీరు పంపేవి మాత్రం జీమెయిల్‌కు చేరడం లేదు. రెండు రోజులుగా ఎస్పీఎఫ్ రికార్డు (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) మార్చారు, డీకిమ్ కీ (మెయిల్ మీద డిజిటల్ సంతకానికి వాడేది) మూడుసార్లు కొత్తగా తయారు చేశారు, చివరికి సర్వర్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదటినుంచి పెట్టారు. అయినా అదే కథ. లాగ్‌లో, అంటే సర్వర్ తాను చేసిన పనులు రాసుకునే ఫైలులో, చివరి రెండు లైన్లు కూడా ఇచ్చారు. మొదటిది ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ చిరునామా, పాతది ఐపీవీ4) చిరునామాకు "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అని, రెండోది "స్టేటస్ డిఫర్డ్, పోర్టు 25, కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని.

ఆ రెండో లైనులోనే మీకు జవాబు ఉంది. మీ సర్వర్ నుంచి బయటికి వెళ్లే పోర్టు 25, అంటే సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే దారి, మూసేసి ఉంది. మూసింది దాదాపుగా మీకు వీపీఎస్ ఇచ్చిన కంపెనీయే. ఎస్పీఎఫ్‌కీ డీకిమ్‌కీ దీనితో సంబంధం లేదు. మీరు ఎవరో, ఏ డొమైన్ నుంచి రాస్తున్నారో జీమెయిల్ సర్వర్‌కు ఇంకా తెలియనే తెలియదు. వీధి గేటు దగ్గరే ఆగిపోయినవాడు జేబులో ఎన్ని గుర్తింపు కార్డులు పెట్టుకున్నా ఏం లాభం?

"వచ్చే మెయిల్స్ బాగానే వస్తున్నాయి కదా, అంటే పోర్టు 25 తెరిచే ఉన్నట్టేగా" అని మీరు అడిగారు. చాలామంది పొరబడేది ఇక్కడే. వచ్చేటప్పుడు అవతలివాళ్లు మీ సర్వర్ పోర్టు 25కు వస్తారు. పంపేటప్పుడు మీ సర్వరే వాళ్ల పోర్టు 25కు వెళ్లాలి. రాక, పోక రెండూ వేర్వేరు దారులు. వీపీఎస్ కంపెనీలు సాధారణంగా రాకను ఆపవు, పోకను ఆపుతాయి. ఎవరో ఒకడు గంటకు లెక్కన సర్వర్ అద్దెకు తీసుకుని లక్షల స్పామ్ పంపేసి పోతే, ఆ కంపెనీ ఐపీలన్నిటికీ, అంటే సర్వర్ల చిరునామాలన్నిటికీ, చెడ్డపేరు వస్తుంది. అందుకే ముందే తలుపు వేసి ఉంచుతారు. అమెజాన్ ఈసీ2లో మామూలుగా ఇంతే, ఫారం నింపి అడిగితే తీస్తారు. డిజిటల్ ఓషన్‌లో 25తోపాటు 465, 587 కూడా మూసి ఉంటాయి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ నడుపుదామనుకునేవాళ్లకైతే ఈ సంగతి మరీ తరచుగా ఎదురవుతుంది.

నా మాట నమ్మకండి, మీరే చూసుకోండి. సర్వర్‌లోకి లాగిన్ అయి, అక్కణ్నుంచే టెల్నెట్‌తో (ఒక పోర్టు తెరిచి ఉందో లేదో చూడనిచ్చే ఆజ్ఞ) జీమెయిల్ ఎంఎక్స్ సర్వర్ (ఒక డొమైన్‌కు వచ్చే మెయిల్స్ తీసుకునేది) పేరు, పక్కన 25 ఇచ్చి చూడండి. మీ లాప్‌టాప్ నుంచి చూస్తే లాభం లేదు, అది వేరే నెట్‌వర్క్. 220తో మొదలయ్యే పలకరింపు వస్తే దారి తెరిచి ఉన్నట్టు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే అవతల ఎవరో ఉండి వద్దన్నట్టు. ఏమీ రాకుండా కర్సర్ అలా కొట్టుకుంటూ ఉండిపోతే, దారిలో ఏదో ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా మింగేస్తున్నట్టు. తర్వాత యాహూకో, తెలిసిన ఇంకో కంపెనీ ఎంఎక్స్‌కో కూడా ఇదే చేసి చూడండి. అన్నిచోట్లా ఇదే జరిగితే తప్పు మీ వైపు. ఒక్కచోటే జరిగితే వాళ్ల వైపు. మీ సొంత యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ కూడా ఒకసారి చూడండి. కానీ అది బయటికి వెళ్లేవాటిని మామూలుగా ఆపదు.

ఇంకో గుర్తు కూడా ఉంది. లాగ్ లైనులో "డిలేస్" అని గీతలతో విడదీసిన నాలుగు అంకెలు ఉంటాయి. చాలామంది వాటిని పట్టించుకోరు, నేను ముందు చూసేది వాటినే. మొదటిది క్యూ మేనేజర్ (పంపాల్సిన మెయిల్స్ వరసను చూసే భాగం) చేతికి రాకముందు పట్టిన సమయం. రెండోది క్యూలో ఎదురుచూసిన సమయం. మూడోది అవతలి సర్వర్‌తో కనెక్షన్ కలవడానికి, పలకరింపులకు, టీఎల్ఎస్‌కు (మాటలు ఎవరూ చదవకుండా రహస్యం చేసే ఏర్పాటు) పట్టినది. నాలుగోది ఉత్తరం అందించడానికి పట్టినది. మీ లైనులో అవి 0.08, 0.02, 90, 0. పోస్ట్‌ఫిక్స్ ఒక్కో చిరునామాకు 30 సెకన్లు ఎదురుచూసి వదిలేస్తుంది. అంటే మూడు ఐపీవీ4 చిరునామాలు ప్రయత్నించి, మూడుసార్లూ పూర్తిగా ఎదురుచూసి ఊరుకుంది. ఐపీవీ6 లైన్లు వెంటనే ఫెయిలయ్యాయి కాబట్టి వాటికి సమయం పట్టలేదు. ఇలా మూడో అంకె 30 గుణిజాల్లో కనిపించి, నాలుగోది సున్నా అయితే, పోర్టు మూసి ఉందని దాదాపుగా తేల్చేయొచ్చు. అదే మూడోది చిన్నదిగా ఉండి నాలుగోది పెద్దదైతే, దారి బాగానే ఉంది, అవతలివాళ్లు ఉత్తరం తీసుకోవడానికి నాన్చుతున్నారన్నమాట.

(ఆజ్ఞలూ సెట్టింగుల పేర్లూ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి ఒకసారి చెప్పాల్సి వచ్చింది.)

ఇప్పుడు కంపెనీకి టికెట్ వేయండి. "పోర్టు 25 ఓపెన్ చేయండి ప్లీజ్" అని ఒక్క ముక్క రాస్తే తిప్పి పంపుతారు. ఏ డొమైన్, ఎంతమంది వాడతారు, రోజుకు సుమారుగా ఎన్ని మెయిల్స్, మార్కెటింగ్ మెయిల్స్ పంపుతారా లేదా, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏ చిరునామాకు రాయాలి, ఇవన్నీ రాయండి. ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాలే అని స్పష్టంగా చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు. కొత్త ఖాతా అయితే ఒక నెల బిల్లు కట్టాక రమ్మనవచ్చు. అదే టికెట్‌లో పీటీఆర్ సంగతి కూడా అడిగేయండి, దాని గురించి కింద చెబుతాను.

వాళ్లు ససేమిరా అంటే రిలే తప్ప దారి లేదు. అంటే మీ పోస్ట్‌ఫిక్స్ మెయిల్స్‌ను 587 మీద (అదీ మూసి లేకపోతే) వేరే మెయిల్ సేవకు ఇస్తుంది, వాళ్లు చేరవేస్తారు. రిలేహోస్ట్ సెట్టింగులో సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టడం మరచిపోకండి. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకు ఎంఎక్స్ వెతుక్కుంటూ ఇంకెక్కడికో పోతుంది. రిలే పాస్‌వర్డ్ ఫైలు మార్చిన ప్రతిసారీ పోస్ట్‌మ్యాప్ ఆజ్ఞ కొట్టాలి. కొట్టకపోతే పాత పాస్‌వర్డే వాడుతూ ఉంటుంది, మీరేమో రిలే కంపెనీని తిడుతూ ఉంటారు. "ఎందుకొచ్చిన తంటా, జీమెయిల్‌కే నేరుగా 587 మీద పంపితే సరి" అని కొందరు సలహా ఇస్తారు. కుదరదు. 587, 465 రెండూ ఖాతా ఉన్నవాళ్లు లాగిన్ అయి తమ సర్వర్‌కు మెయిల్ ఇచ్చుకోవడానికి. ఒక సర్వర్ మరో సర్వర్‌కు అందించేది 25 మీదే. 1982 నాటి ఎస్ఎంటీపీ (మెయిల్ చేరవేసే పద్ధతి) పత్రం నుంచీ ఇదే.

సరే, పోర్టు తెరిచారనుకుందాం. లాగ్‌లో టైమవుట్ పోయి కొత్త అంకెలు కనిపిస్తాయి. వాటిని చూసి కంగారు పడకండి, నిజానికి అది మంచి కబురు. ఇప్పటిదాకా గోడతో మాట్లాడారు, ఇకమీదట మనిషి జవాబు చెబుతున్నాడు. 4తో మొదలైతే పోస్టుమ్యాన్ వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉన్నట్టు, మళ్లీ వస్తాడు. 5తో మొదలైతే కవరు మీద "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి వెనక్కి పంపినట్టు, మళ్లీ ప్రయత్నించదు. 450, 451 చూసి కొత్తవాళ్లకు టెన్షన్. చాలాసార్లు అది గ్రేలిస్టింగ్. తెలియని సర్వర్‌ను ఒకసారి తిప్పి పంపి, నిజమైనదైతే మళ్లీ వస్తుందిలే అని చూస్తారు. పోస్ట్‌ఫిక్స్ తనంతట తానే మళ్లీ వెళుతుంది.

మీకు బహుశా తర్వాత తగిలేది 550 5.7.25. అంటే మీ ఐపీకి పీటీఆర్ రికార్డు లేదు, లేదా ఉన్నా సరిపోలడం లేదు. పేరు నుంచి ఐపీ చెప్పేది "ఏ" (ఇంగ్లీషు A) రికార్డు, ఐపీ నుంచి పేరు చెప్పేది పీటీఆర్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ (పేర్ల, ఐపీల పట్టిక) పేజీలో పీటీఆర్ పెట్టబోతారు. అక్కడ పెట్టినా ఎవరూ చూడరు. ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి, అంటే వీపీఎస్ కంపెనీ ప్యానెల్‌లోనో టికెట్ ద్వారానో. పీటీఆర్‌లో ఉన్న పేరు, ఆ పేరుకు "ఏ" రికార్డులో ఉన్న ఐపీ, పోస్ట్‌ఫిక్స్ మైహోస్ట్‌నేమ్‌లో రాసిన పేరు, మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. మీరు పెట్టిన సెట్టింగుల్లో మైహోస్ట్‌నేమ్ ఇంకా కంపెనీ ఇచ్చిన అంకెల పేరుతోనే ఉంది, అది మార్చండి.

ఐపీవీ6 మాట. ఇప్పుడు మీ సర్వర్‌కు ఐపీవీ6 లేదు కాబట్టి ఆ "అన్‌రీచబుల్" లైను ఉత్త చప్పుడే. రేపు కంపెనీవాళ్లు ఐపీవీ6 ఇచ్చారనుకోండి, అప్పుడు చిక్కు మొదలవుతుంది. పోస్ట్‌ఫిక్స్ కొన్నిసార్లు ఆ దారిన పోతుంది. దానికి పీటీఆర్ ఉండదు, ఎస్పీఎఫ్‌లో ఆ చిరునామా ఉండదు. దాంతో ఒకే మనిషికి పంపిన రెండు మెయిల్స్‌లో ఒకటి చేరుతుంది, ఒకటి తిరిగొస్తుంది. ఇంతకన్నా తలనొప్పి లోపం ఇంకోటి లేదు. మీలాంటి చిన్న ఆఫీసుకు ఐనెట్ ప్రోటోకాల్స్ అనే సెట్టింగులో ఐపీవీ4 ఒక్కటే పెట్టేసి ప్రశాంతంగా ఉండమనే చెబుతాను. స్వచ్ఛవాదులు ఒప్పుకోకపోవచ్చు.

ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండూ మీ డొమైన్ పేరుతో కలవకపోతే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) వంతు ఆ తర్వాతే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ వీటి విషయంలో గట్టిగా ఉంటున్నాయి. జీమెయిల్‌కు రోజుకు సుమారు 5000, అంతకు మించి పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. మీలాంటివాళ్లకు జీమెయిల్ ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి అడుగుతుంది, లేకపోతే 550 5.7.26 ఇస్తుంది. నా ఉద్దేశంలో మూడూ పెట్టేయడమే నయం. మీ డొమైన్ రికార్డులు చూశాను. రెండు రోజుల మార్పుల్లో ఎస్పీఎఫ్ రికార్డులు రెండు అయ్యాయి, పాతది తీయకుండా కొత్తది చేర్చారు. రెండుంటే రెండూ చెల్లవు, చూసేవాళ్లు తప్పుగానే లెక్కవేస్తారు. ఒక్కటే ఉంచండి. అందులో డీఎన్‌ఎస్‌లో వెతకాల్సినవి 10 దాటకూడదు, మీకు ఎంఎక్స్ ఒక్కటీ రాస్తే సరిపోతుంది. డీకిమ్ 2048 బిట్ల కీ పొడవుగా ఉంటుంది. డీఎన్‌ఎస్‌లో ఒక్కో ముక్క 255 అక్షరాలకు మించకూడదు, కాబట్టి ముక్కలుగా పెట్టాలి. కొన్ని ప్యానెళ్లు మిగతాది చెప్పకుండా కోసేస్తాయి. మీ కీ చివర కోసేసే ఉంది, నాకు కనిపించింది. రిలే వాడాల్సి వస్తే మాత్రం మీ సొంత డొమైన్ డీకిమ్ సంతకం తప్పకుండా ఉండాలి. అప్పుడు ఎస్పీఎఫ్ రిలేవాళ్ల డొమైన్ పేరు మీద పాసవుతుందే కానీ మీ పేరుతో కలవకపోవచ్చు. డీమార్క్‌ను గట్టెక్కించేది ఆ సంతకమే.

లాగ్‌లో "స్టేటస్ సెంట్, 250" అని వచ్చి, మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడితే ఇక సర్వర్‌లో వెతకకండి. మీ జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి "షో ఒరిజినల్" నొక్కండి. ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడు లైన్లు పైనే ఉంటాయి. మూడూ పాస్ అయినా స్పామ్‌లో పడితే అది ఐపీ పరువు సమస్య. మీకంటే ముందు ఆ ఐపీని ఎవరు వాడారో మనకు తెలియదు. ఇలాంటి ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ వెబ్‌సైట్‌లో ఐపీ కొట్టి చూడండి. పీబీఎల్‌లో ఉంటే మీరు తప్పు చేసినట్టు కాదు, ఆ ఐపీ నుంచి నేరుగా మెయిల్ రాకూడదని ఉన్న జాబితా మాత్రమే. ఎస్బీఎల్‌లో (స్పామ్‌తో సంబంధం ఉన్న ఐపీల జాబితా) ఉంటే వీపీఎస్ కంపెనీని వేరే ఐపీ అడగడం తేలిక. డబ్బు కడితే పేరు తీసేస్తామనే జాబితాలు కొన్ని ఉన్నాయి, ఒక్క రూపాయి కూడా కట్టకండి. అవుట్‌లుక్, హాట్‌మెయిల్‌వాళ్లకు వాళ్ల సొంత జాబితా ఉంది. తిప్పి పంపిన సందేశంలో ఎస్ అక్షరంతో మొదలయ్యే కోడ్ ఇస్తారు, దాన్ని పట్టుకుని వాళ్ల ఫారం నింపాలి. మొదటి వారం మెయిల్స్ కొద్దికొద్దిగానే పంపండి. కొత్త ఐపీ నుంచి ఒక్కరోజే క్లయింట్లందరికీ కొత్త చిరునామా ప్రకటన పంపితే ఎవరైనా అనుమానిస్తారు.

లాగ్ చదవమని నేనింత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక విద్యాసంస్థ సర్వర్ చూసేవాణ్ని. ఒక ఉదయం బయటికి ఒక్క మెయిల్ కూడా పోలేదు. టెర్మినల్‌లో డిగ్ (డీఎన్‌ఎస్‌ను అడిగి చూసే ఆజ్ఞ) కొట్టి చూస్తే డీఎన్‌ఎస్ భేషుగ్గా పనిచేస్తోంది. పోర్టు తెరిచే ఉంది. నేను ఎస్పీఎఫ్ మార్చాను, ఫైర్‌వాల్ ఆపాను, వీపీఎస్ కంపెనీకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా. మూడు గంటలు పోయాయి. లాగ్‌లో మాత్రం మొదటి నిమిషం నుంచీ "నేమ్ సర్వీస్ ఎర్రర్, టైప్ ఎంఎక్స్, హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై అగైన్" అని ఉంది. డిగ్ పనిచేస్తోంది కదా అని ఆ లైనును నమ్మలేదు. అప్పట్లో డెబియన్, ఉబుంటుల్లో పోస్ట్‌ఫిక్స్ పంపే భాగం క్రూట్‌లో, అంటే తన గదిలో తాను తలుపేసుకుని పనిచేసేది. స్పూల్ ఫోల్డర్ లోపలే దానికి రిసాల్వ్ కాన్ఫ్ ఫైలుకు (ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడగాలో రాసి ఉండేది) సొంత నకలు ఉండేది. ముందు రాత్రి డీఎన్‌ఎస్ సర్వర్ మారింది. అసలు ఫైలు మారింది, నకలు మారలేదు. పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చేశాను, నకలు తాజా అయింది, మెయిల్స్ వరసపెట్టి పోయాయి. ఫోన్‌లో నా కేకలు విన్న సపోర్ట్ అబ్బాయికి తర్వాత సారీ చెప్పాను.

ఇంకో రకం ఉంది. మీకు ఇప్పుడు లేదు కానీ, పదిహేను మంది పాస్‌వర్డ్‌లు పెట్టుకునే చోట ఏదో ఒకరోజు వస్తుంది. ఎవరో ఒకరి పాస్‌వర్డ్ బయటపడుతుంది, రాత్రికి రాత్రి క్యూలో వేల స్పామ్ మెయిల్స్ చేరతాయి, తెల్లారేసరికి ఐపీ జాబితాల్లో ఉంటుంది. లాగ్‌లో "సాస్ల్ యూజర్‌నేమ్" (లాగిన్ అయినవారి పేరు) పక్కన ఒకే పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. నేను చూసిన ఒక ఆఫీసులో ఆ పాస్‌వర్డ్ ఆఫీసు పేరు, పక్కన 123. ముందు పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత పోస్ట్‌సూపర్ ఆజ్ఞతో క్యూ మొత్తాన్ని హోల్డ్‌లో పెట్టండి, అప్పుడు నిదానంగా చెడ్డవి తీసేయండి. తొందరపడి మొత్తం డిలీట్ చేస్తే మంచి మెయిల్స్ కూడా పోతాయి. పంపినవారు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డేటా అని ఉంటే అది మనిషి కాదు, అదే సర్వర్‌లో ఉన్న వెబ్‌సైట్. సర్వర్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపేది) నడుపుతుంటే మైనెట్‌వర్క్స్‌లో (లాగిన్ లేకుండానే మెయిల్ పంపనిచ్చే చిరునామాల జాబితా) దాని నెట్‌వర్క్ చేర్చకండి. కొన్ని అమరికల్లో బయటినుంచి వచ్చేవాళ్లు కూడా ఆ లోపలి చిరునామాతోనే కనిపిస్తారు. అప్పుడు మీ సర్వర్ ఊరందరికీ ఉచిత పోస్టాఫీసు.

ఇప్పుడు మీ క్యూ సంగతి. పోస్ట్‌క్యూ మైనస్ పి కొడితే ఆగిన మెయిల్స్ కనిపిస్తాయి. పోస్ట్‌ఫిక్స్ వాటిని 5 రోజులు ఉంచుతుంది, తర్వాత పంపినవాళ్లకు తిప్పి ఇచ్చేస్తుంది. మధ్యలో హెచ్చరిక మాత్రం మీరు అడిగితే తప్ప ఇవ్వదు. డిలే వార్నింగ్ టైమ్ 4 గంటలు పెట్టండి, లేకపోతే మెయిల్ పోయిందనే నమ్మకంతో మీ వాళ్లు హాయిగా కూర్చుంటారు. పోర్టు తెరవకుండా ఫ్లష్ (ఆగినవన్నీ ఇప్పుడే మళ్లీ పంపమనే ఆజ్ఞ) కొట్టి లాభం లేదు. పోర్టు తెరిచాక కాసేపట్లో అన్నీ వరసపెట్టి పోతాయి, కాబట్టి ఈలోగా "రాలేదట, మళ్లీ పంపుతా" అని ఎవరూ రెండోసారి పంపకుండా ఆఫీసులో చెప్పండి. 20వ తేదీ జీఎస్టీ రిటర్నుల కాగితాలు ఒక్కో క్లయింటుకు మూడేసి సార్లు చేరితే ఫోన్లు ఎత్తుకోవడంతోనే సరిపోతుంది. అర్జంటువి ఇప్పటికి వాట్సాప్‌లోనో ఫోన్‌లోనో తేల్చుకోండి.

ఈ రాత్రికి టికెట్ వేసి, అదనపు ఎస్పీఎఫ్ రికార్డు తీసేసి, డీకిమ్ కీ సరిచేసి, ఇంకేమీ ముట్టుకోకండి. కంపెనీ జవాబు వచ్చి, టెల్నెట్‌లో 220 కనిపించాక మీ సొంత జీమెయిల్‌కు ఒక్క మెయిల్ పంపండి. ఆ మెయిల్ తాలూకు లాగ్ లైను, క్యూ ఐడీ మొదలు చివరి అక్షరం దాకా, చిరునామాలు మాత్రం చెరిపి నాకు చూపించండి. నిన్న సగం కత్తిరించి పెట్టారు, డిలేస్ అంకెల కోసం మిమ్మల్ని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.